జర్మను భాషలో “పోదమా?”

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనమునకు పోయిన సోదరీమణులందఱును ఆ గుడి వీథి నెఱుగుదురు. బస్సు దిగి నాలుగడుగులు వేసినంతనే ఇరుప్రక్కలనుండి పిలుపులు వినవచ్చును. “రండమ్మా, పాలు తీసుకోండి.” “ఇటు చూడండి, పూలు ఇప్పుడే వచ్చాయి.” “చెప్పులు ఇక్కడ పెట్టి వెళ్ళండి.” వ్యాకరణము ననుసరించి చూచినచో ఈ మాటలన్నియు ఆజ్ఞలే. అయినను వీనిని విని తన కెవ్వరో ఆజ్ఞ యిచ్చిరని నొచ్చుకొన్న స్త్రీని మేము చూడలేదు. చివరనున్న “అండి” యను చిన్నముక్క ఆజ్ఞలోని ముల్లును తీసివేయుచున్నది. “రా” యన్న నొక విధము, “రండి” యన్న మఱియొక విధము. మన మర్యాదలో సగపాలు ఈ ముక్కమీదనే నిలిచి యున్నదనిన అతిశయోక్తి కాదు.

దీనిని గూర్చి మే మింతగా చెప్పుటకు కారణము కలదు. కృష్ణా డెల్టాలో నర్సు విద్య చదివిన బాలికలు కొందఱు ఈ మధ్య జర్మనీ దేశమునకు పోవ యత్నించుచున్నారు. ఆ దేశమున వృద్ధులు హెచ్చు. వారిని కనిపెట్టుకొని యుండు చేతులు తక్కువ. 2013వ సంవత్సరమున అచ్చటి ఉద్యోగశాఖవారును, జి. ఐ. జెడ్. అను సహకారసంస్థవారును కలిసి “ట్రిపుల్ విన్” అను పథక మొకటి స్థాపించి, విదేశములనుండి నర్సులను రప్పించుకొన నారంభించిరి. 2021 డిసెంబరులో కేరళ రాష్ట్రమువారు అందుకై ఒడంబడిక చేసికొనిరి. మన తెలుగునాటను, తెలంగాణములో టామ్‌కామ్ అను ప్రభుత్వసంస్థయు, ఆంధ్రప్రదేశములో నైపుణ్యాభివృద్ధి సంస్థయు నర్సులకు జర్మను భాష నేర్పించు ఏర్పాటులు చేసినవి. 2024 అక్టోబరులో జర్మనీ ప్రభుత్వమువారు భారతీయులగు పనివారి కిచ్చు వీసాలను ఏటికి 20,000 నుండి 90,000 వఱకు పెంచెదమని ప్రకటించిరి. ఈ వార్త దివిసీమకు గడపవంటి మోపిదేవివఱకు వచ్చి చేరుటకు ఎంతో కాలము పట్టలేదు. ఇంటిలోని నగ కుదువబెట్టి కూతురికి జర్మను తరగతుల ఫీజు కట్టిన తల్లులను మే మెఱుగుదుము.

సూది వేయుట, పుండు కడుగుట, నాడి చూచుట ఎచ్చటనైనను ఒక్కటే. భాషయే వేఱు. ఆ భాషకు ఆఱు మెట్లు పెట్టినారు. నాలుగవ మెట్టగు “బీ-2” ఎక్కిననే గాని సాధారణముగా అచ్చట పూర్తి నర్సుగా పనిచేయుటకు అనుమతి లభింపదు. మన బాలికలు లింగభేదములు, విభక్తులు కంఠస్థము చేసి, వేలకొలది మాటలు నేర్చికొని, ఆ మెట్టెక్కుచున్నారు. చిక్కు వచ్చునది పెద్దమాటలలో కాదు. “కూర్చోరాదూ”, “కాస్త తిని చూడండి”, “అలా బయటికి వెళ్దామా” యనునట్టి చిన్న మాటలలో వచ్చుచున్నది.

జర్మను భాషలో మన “మీరు”నకు సరియైన మాట “జీ”. హిందీవారి గౌరవపదమువలె వినవచ్చుటచే మనవారికి సులభముగా జ్ఞాపకముండును. వ్రాతలో దాని మొదటి అక్షరమును పెద్దదిగా వ్రాయుదురు. దాని మూలార్థము “వారు” అనియే. ఎదుటివానిని సూటిగా “నీవు” అనక, ఎవరో మూడవవారిని గూర్చి మాటలాడుచున్నట్లు “వారు” అనుటయే వారి గౌరవము. “తమరు దయచేయవలెను” అనెడి మన పాత మర్యాద ఇట్టిదే గదా. “కొమ్మెన్ జీ” యన్నచో “రండి” యనియు, “ఎస్సెన్ జీ” యన్నచో “తినండి” యనియు పుస్తకములో నుండును. మన బాలిక ఇది చూచి, “జీ” యనగా “అండి”యే గదా యని నిబ్బరించుకొనును. ఇచ్చటనే పొరపాటు.

“జీ” యనుట ఎదుటివాని స్థానమును గౌరవించును గాని, ఆజ్ఞను మెత్తపఱుపదు. “కొమ్మెన్ జీ” యనునది వైద్యుడు గది తలుపు తెఱచి తరువాతి రోగిని పిలుచునపుడు సరిపోవును. “ఎస్సెన్ జీ!” యని యొక వృద్ధురాలి ముందు పళ్ళెము పెట్టి యన్నచో, ఆమె చెవికి “తినవలసినది” అని వినబడును. “బిట్టె”, అనగా “దయచేసి”, అని చేర్చినచో మంచిదే. కాని దయచేసి యన్నంత మాత్రమున ఆజ్ఞ సూచన కాజాలదు. మర్యాదగల ఆజ్ఞ యగును.

మోపిదేవి చేరువ గ్రామమునుండి పోయి జర్మనీలో ఒక వృద్ధాశ్రమమున పనిచేయుచున్న యొక బాలిక ఈ సంగతిని మాకు ఫోనులో చెప్పినది. ఆమె తన వాడుక ప్రకారము ప్రతి వృద్ధురాలితోను “లేవండి, కూర్చోండి, త్రాగండి, మాత్ర వేసుకోండి” అని యెంతో ప్రేమతో జర్మనులో పలుకుచుండెనట. నెలదినములైన పిమ్మట ఒక ముసలమ్మ నవ్వుచునే, “అమ్మాయీ, నీ చేతులు మెత్తనివి, నీ నోరు మాత్రము సిపాయినోరు” అన్నదట. బాలిక ఆ రాత్రి నిద్రపోలేదు. పుట్టి బుద్ధెఱిగినది మొదలు ఆమెను కఠినురాలని యన్నవారు లేరు. తన భాషలో తేనెయైనది ఆ భాషలోనికి పోవుసరికి కారమెట్లైనదో ఆమెకు బోధపడలేదు.

ఆ దేశపువారు సూటిగా మాటలాడుదురని, మెత్తదన మెఱుగరని మనలో నొక ప్రతీతి కలదు. మాకిది సరియైన మాటగా తోచదు. వారికిని మెత్తదనము కలదు. అది క్రియాపదముల చివర గాక మఱియొక చోట దాగియున్నది. దానిని వెదకికొనవలెను.

మొదటిది “మాల్” అను చిన్నమాట. దీని కర్థము “మాఱు”, అనగా “ఒకసారి”. “ప్రొబీరెన్ జీ మాల్” అన్నచో “ఒకసారి రుచి చూడండి” యని. మన యిండ్లలో “ఓసారి ఇటు రా”, “ఓమాటు చూడు” అనునపుడు నిజముగా లెక్క పెట్టి ఒక్కసారియే యని కాదు గదా. పని చిన్నది, శ్రమ లేదు అని తెలుపుటకే “ఓసారి”. జర్మనులో “మాల్” చేయు పనియు అచ్చముగా నిదియే. ఇన్ని వేల మైళ్ళ దూరమున నున్న రెండు భాషలు ఒకే ఉపాయమును కనిపెట్టుట మాకు మిక్కిలి ముచ్చటగా నున్నది.

రెండవది “డొఖ్”. దీనికి నిఘంటువులో సరియైన యర్థము దొరకదు. ఉపాధ్యాయులు గంటసేపు చెప్పినను విద్యార్థినుల ముఖములలో సందేహము పోదు. తెలుగు స్త్రీకి మాత్రము ఒక్క క్షణములో చెప్పవచ్చును: అది మన “రాదూ”. “జెట్సెన్ జీ జిహ్” అన్నచో “కూర్చోండి”. “జెట్సెన్ జీ జిహ్ డొఖ్” అన్నచో “కూర్చోరాదటండీ, ఎందుకా నిలబడటం” అని. ఎదుటివారికి సంకోచమున్నదని మనము గ్రహించితిమనియు, ఆ సంకోచ మక్కఱలేదనియు ఆ ఒక్క యక్షరము తెలుపుచున్నది.

మూడవది క్రియలోని మార్పు. “కాన్” అనగా “కలను, చేయగలను”. దానినే “క్యొన్టె” అని మార్చినచో “చేయగలిగినచో, చేయవచ్చునేమో” అను సందేహార్థము వచ్చును. “జీ క్యొన్టెన్ ఫిలైహ్ట్ ఐన్ బిస్‌హెన్ ష్లాఫెన్” అన్నచో “మీరు కాసేపు పడుకుంటే బాగుంటుందేమో”. ఇందులో “ఫిలైహ్ట్” అనునది మన “ఏమో”. జరుగని దానిని జరిగినట్లు ఊహించి చెప్పుట వలన మాటకు బరువు తగ్గును. మనము “తే బాగుంటుంది” అనుచో, వారు క్రియనే వంచుదురు. “వీ వేరె ఎస్ మిట్ ఐనెర్ టస్సె టే” అనునదియు ఇట్టిదే: “ఓ కప్పు టీ అయితే ఎలా ఉంటుంది?” అని. ఈ వాక్యము మన నోటికి ఎంత సహజముగా నున్నదో చూడుడు! దీనిని నేర్చికొనుటకు కష్టమేమియు లేదు. తెలుగులో ఎట్లందుమో తలచుకొన్న చాలును.

సలహా చెప్పవలసి వచ్చినపుడు మఱియొక అందమైన పద్ధతి కలదు. “ఆన్ ఈరెర్ ష్టెల్లె వ్యుర్డె ఇహ్” అని యారంభింతురు. “మీ స్థానములో నేనున్నచో” అని యర్థము. “డాక్టరుకు చూపించండి” యనుటకు మాఱుగా “నేనే మీరైతే డాక్టరుకు చూపించుకుందును” అందురు. మన పెద్దలును ఇట్లే యనెడివారు. ఈ మధ్య మనలో ఈ వాడుక తగ్గి, “చూపించుకోవాలి” అని తీర్పు చెప్పుట హెచ్చినది.

ఇద్దఱు కలిసి చేయవలసిన పనికి “వొల్లెన్ వీర్” అని మొదలుపెట్టుదురు. “వొల్లెన్ వీర్ ష్పాట్సీరెన్ గేయెన్?” అనగా “అలా షికారుకు పోదమా?” ఇది మన “దమా”కు అచ్చమైన జత. “గేయెన్ వీర్” అని తలక్రిందులుగా చెప్పినచో “పోదము” అను నిశ్చయము వచ్చును. చనువుగల వారితో “లస్ ఉన్స్” అని మొదలిడుటయు కలదు. “జొల్లెన్ వీర్” అన్నచో “పోవుదమా, వలదా, మీ యభిప్రాయమేమి” అని ఎదుటివారికే నిర్ణయము వదలుట. ఈ భేదములు తెలిసిన పిదప సంభాషణ నడుచుటకు ఆటంకముండదు.

ఒక హెచ్చరిక మాత్రము చేయవలెను. మెత్తని మాటలన్నియు మెత్తగానే పని చేయునని తలంపరాదు. “జీ క్యొన్టెన్ రూయిహ్ మాల్ హెల్ఫెన్” అని తోటి నర్సు అన్నచో, అది సూచన కాదు. “కాస్త సాయం చేయవచ్చుగా” అను దెప్పిపొడుపు. మన యిండ్లలో అత్తగా రనెడి “కాస్త చెయ్యి వేయవచ్చుగా”కును దీనికిని వెండ్రుకవాసి భేదము లేదు. గొంతును బట్టి గ్రహించుకొనవలసినదే.

“వీర్” అను మాటను గూర్చి విడిగా చెప్పవలసి యున్నది. తెలుగులో “మేము” వేఱు, “మనము” వేఱు. వినుచున్నవారిని కలుపుకొన్నచో మనము, విడిచినచో మేము. జర్మనులో రెంటికిని “వీర్” ఒక్కటియే. అందువలన “వొల్లెన్ వీర్” అన్నపుడు ఎదుటివారు కలిసిరో లేదో సందర్భమును బట్టి తెలిసికొనవలెను. ఆసుపత్రులలో దీనివలన నొక విచిత్రము పుట్టినది. నర్సు ఉదయమున వచ్చి “హాబెన్ వీర్ గూట్ గెష్లాఫెన్?” అనును. “మనం బాగా నిద్రపోయామా?” అని. నిద్రపోయినది రోగి, నర్సు కాదు. జర్మనులే దీనికి “నర్సుల బహువచనము” అని హాస్యముగా పేరు పెట్టిరి. మనలోను డాక్టర్లు “ఎలా ఉన్నాం ఇవాళ?” అనియు, తల్లులు బిడ్డలతో “మనం బువ్వ తిందామా” అనియు అనుటలేదా? బిడ్డతో అది ముద్దు. డెబ్బది యేండ్లు సంసారమీది, యుద్ధము తరువాతి కఱవును చూచి, పిల్లలను పెంచి పెద్దచేసిన ముసలమ్మతో “మనం స్నానం చేద్దామా” యన్నచో ఆమె తనను పసిబిడ్డగా కట్టినారని బాధపడును. అందుచే ఆ దేశమున ఈ వాడుకను ఇప్పుడు హర్షింపరు. “వొల్లెన్ వీర్” అను నింత మంచి మాటయు చోటు తప్పినచో అవమానమగును. నిజముగా ఇద్దఱును కలిసి చేయు పనికే దానిని వాడవలెను.

ఇట్టిదే “ఓమా” యను పిలుపు. ఓమా యనగా అమ్మమ్మ, నాయనమ్మ. మన సీమలో దారిని పోవు ముసలమ్మనైనను “మామ్మగారూ” అని పిలుతుము. పేరు పెట్టి పిలుచుట తప్పు. అచ్చట పరాయి వృద్ధురాలిని “ఓమా” అనుట తప్పు. “ఫ్రావ్” అని ఇంటిపేరు చేర్చి పిలుచుటయే గౌరవము. మన బాలికలకు ఇది మిక్కిలి కష్టముగా నుండును. వరుస లేని పిలుపు వారి నోటికి చల్లగా, దూరముగా తోచును. ఆ ముసలమ్మకు తన యింటిపేరే చివఱివఱకు మిగిలిన ఆస్తి యని గ్రహించిన పిమ్మట కష్టము తగ్గునని ఆ బాలికయే మాతో అన్నది.

ఇక పరీక్ష సంగతి. గోథే పేర నడచు సంస్థవారి “బీ-1” పరీక్షలో నాలుగు భాగములు కలవు: చదువుట, వినుట, వ్రాయుట, మాటలాడుట. ఒక్కొక్క దానికి 100 మార్కులు. 60 వచ్చిననే గట్టెక్కినట్లు. మాటలాడుటలో మొదటి యంశము మన విషయమే. ఇద్దఱు అభ్యర్థులను ఎదురెదురుగా కూర్చుండబెట్టి, ఒక పనిని కలిసి ఏర్పాటు చేసికొనుడనుదురు. తరగతిలోని వారెవరో ఆసుపత్రిలో నున్నారు, చూచుటకు పోవలెను. ఎప్పుడు పోవలెను, ఎట్లు పోవలెను, ఏమి తీసికొని పోవలెను అనునట్టివి. ఉన్నది మూడు నిమిషముల కాలము. అందులో సూచించుట, ఎదుటివారి సూచనను ఒప్పుకొనుట, ఒప్పుకొననిచో వేఱొకటి సూచించుట జరుగవలెను.

ఈ మూడు నిమిషములలో మన బాలికలు తడబడుట కలదు. మాట రాక కాదు. ఒక బాలిక వృత్తాంతము మాకు తెలియును. ఎదుటి అభ్యర్థి “శనివారం వెళ్దామా” యన్నాడు. ఈమె “సరే” నన్నది. “రైలులో పోదామా” యన్నాడు, “సరే”. “పుస్తకం తీసుకువెళ్దామా” యన్నాడు, “చాలా మంచిది”. అతని మాట కెదురు చెప్పుట అమర్యాద యని ఆమె తలంచినది. పరీక్షకులకు మాత్రము ఆమె స్వయముగా చెప్పినదేమియు కనబడలేదు. ఆ భాగమున ఆమెకు చాలినన్ని మార్కులు రాలేదు. తిరిగి ఫీజు కట్టి కూర్చుండవలసి వచ్చినది. ఇంటిలో అన్నదమ్ముల మాటకును, తరగతిలో ఉపాధ్యాయుని మాటకును తల యూపుటయే మంచి పిల్ల లక్షణమని ఇరువదిరెండేండ్లు నేర్పి, మూడు నిమిషములలో “అది నాకు కుదరదు, ఇట్లు చేసిన నెట్లుండును?” అని యనుమన్నచో ఆ పిల్ల ఎక్కడనుండి తెచ్చును?

ఇచ్చట మేము మన యిండ్ల సంగతి కొంత చెప్పక తప్పదు. తెలుగులో సూచన చేయు రీతు లెన్నియో కలవు. “రాదూ” కలదు, “కూడదూ” కలదు, “దామా” కలదు, “తే బాగుండును” కలదు, “ఏమంటావు” కలదు. మాధుర్యమున వీనికి సాటియైనవి తక్కువ. కాని ఇవి ఎవరితో అనుచున్నారో చూడవలెను. “ఆ నర్సు ఉద్యోగం మానెయ్యరాదూ” అని పెండ్లియైన నెలకే అత్తవారింట ఎంతో మృదువుగా అందురు. మాట మెత్తనిదే. “లేదండీ, మానను” అని కోడ లనుటకు ఆ మాటలో చోటున్నదా? లేనిచో అది సూచన యగునా? గట్టిగా “మానెయ్” అన్నచో కనీసము ఎదిరించుటకైనను వీలుండును. “మానెయ్యరాదూ” అన్న మెత్తని మాటకు ఎదురుచెప్పిన కోడలినే గయ్యాళి యందురు. సూచన యనునది “వద్దు” అను జవాబును సహించిన నాడే సూచన. ఆ పుస్తకములలో ప్రతి పాఠమునను సూచన చేయు వాక్యముల ప్రక్కనే కాదనుటకు వలయు వాక్యములను అచ్చువేయుట మాకు నచ్చినది. “లైడెర్ గేట్ దస్ నిహ్ట్”, అనగా “విచారించుచున్నాను, కుదరదు”. “లీబెర్ నిహ్ట్”, అనగా “వద్దులెండి”. “గూటె ఇడే, ఆబెర్”, అనగా “మంచి ఆలోచనే, కాని”. ఈ మూడింటిని జర్మనీ పోవు బాలికలే గాక పోనివారును నేర్చికొన్న నష్టము లేదు.

కాదనుట యనగానే భోజనము జ్ఞాపకము వచ్చుచున్నది. మనలో వడ్డించువారు “ఇంకొంచెం” అనుట, తినువారు “చాలు, చాలు” అనుట, మఱల వడ్డించుట ఒక వేడుక. మొదటి “వద్దు” వద్దు కాదు. మూడవ దానికి గాని నమ్మరు. అచ్చట “నైన్, డాంకె” అని యొక్కసారి యన్నచో పళ్ళెమును లోపలికి తీసికొని పోవుదురు. తోటి నర్సు ఇంటికి కాఫీకి పోయి, మర్యాదకు మొదట వద్దని, రెండవసారి అడుగుదురేమో యని ఎదురుచూచి, ఎదుట నున్న రేగుపండ్లంత నల్లని చెఱ్ఱీలు పొదిగిన కేకును తినకయే తిరిగి వచ్చిన బాలికల కథలు మనవారిలో ఎన్నియో కలవు. వారు పిసినారులు కారు. ఎదుటివారి “వద్దు”ను నమ్ముటయే వారి మర్యాద. అట్లే రోగి “వద్దు” అన్నపుడు మన బాలిక మఱి మూడుసారులు బ్రతిమాలినచో, ప్రేమ యని గాక బలవంతమని యెంచుదురు. అప్పుడు కొంతసేపు తాళి, “శ్పేటెర్ ఫిలైహ్ట్?”, అనగా “తరువాత కావచ్చునా?” అని యడిగి ఊరకుండుట మేలు.

జర్మనుల సూచనలలో మాకు మిక్కిలి ఇంపైనది మఱియొకటి కలదు. వారిలో “జీ” నుండి “డూ”నకు, అనగా “మీరు” నుండి “నీవు”నకు మాఱుట యొక చిన్న పండుగవంటిది. ఎవరికి వారు మాఱిపోరాదు. పెద్దవారుగాని, పై యుద్యోగిగాని ముందు సూచింపవలెను: “వొల్లెన్ వీర్ ఉన్స్ డూట్సెన్?” అని. “మనం ఇక నువ్వు అనుకుందామా?” అని యర్థము. మనలో చనువు దానంతట నదే వచ్చి కూర్చుండును; ఏ దినమున “మీరు” పోయి “నువ్వు” వచ్చినదో ఎవరును చెప్పలేరు. వారు దానిని అడిగి పుచ్చుకొందురు. కొన్ని ఆసుపత్రులలో పనివారందఱును మొదటి దినమునుండియే “డూ” అనుకొనుటయు కలదు. అయినను రోగులతో “జీ”యే.

ఈ పరభాష మనకు బొత్తిగా క్రొత్తదని తలంపరాదు. జర్మనులు మన భాషను నేర్చికొనుటకు పడిన శ్రమ పాతది. బెంజమిన్ షుల్ట్‌జె అను మతబోధకుడు చెన్నపట్టణమున నుండి 1728వ సంవత్సరమున తెలుగు వ్యాకరణము నొకదానిని లాటిను భాషలో వ్రాసెను. అతడు స్వదేశమునకు పోయిన పిమ్మట 1746వ సంవత్సరమున హాలె నగరమున తెలుగు అక్షరములతో పుస్తకము అచ్చుపడినది. మోపిదేవికి కృష్ణ యావలిగట్టున నున్న భట్టిప్రోలు స్తూపములో 1892వ సంవత్సరమున దొరకిన భరిణెలపై నున్న ప్రాచీనాక్షరములను చదివి ప్రకటించినవాడు గేఓర్గ్ బ్యూలర్ అను జర్మను పండితుడే. పండితులు మన యక్షరములను చదివిరి. మన నర్సు పిల్లలు వారి ముసలివారి మనసును చదువవలసి యున్నది. ఏది కష్టమో మేము చెప్పజాలము.

తరగతులకు పోవు బాలికలకు, వారి తల్లులకు ఒక సూచన చేయుచున్నాము, నచ్చనిచో వద్దనవచ్చును. ఒంటరిగా అద్దము ముందు నిలిచి వాక్యములు వల్లించుటవలన ఈ విద్య పట్టుబడదు. ఇద్దఱు కావలెను. చెల్లెలైనను సరే, జర్మను రాని తల్లియైనను సరే. తల్లి తెలుగులో జవాబు చెప్పినను సాగును. నియమ మొక్కటి పెట్టుకొనవలెను: ప్రతి సంభాషణలోను ఇరువురును చెఱియొక సూచనను కాదని, దానికి బదులు వేఱొకటి చెప్పితీరవలెను. విషయములు మన యూరివే తీసికొన్నచో మాట త్వరగా కదలును. హంసలదీవికి పోయి కృష్ణ సముద్రములో కలియు చోటు చూచుట, పెడనకు పోయి కలంకారీ చీర తెచ్చుట, కూచిపూడిలో నాట్యము చూచుట, ఏదైనను సరే. మే మెఱిగిన యొక యింట అక్కచెల్లెండ్రు సాయంకాలము వసారాలో కూర్చుండి ఇట్లు సాధన చేయుచుండిరి.

“వొల్లెన్ వీర్ ఆమ్ జామ్‌స్టాగ్ నాఖ్ హంసలదీవి ఫారెన్?” శనివారము హంసలదీవి పోదమా?

“ఆమ్ జామ్‌స్టాగ్ గేట్ ఎస్ లైడెర్ నిహ్ట్. వీ వేరె ఎస్ మిట్ జొన్‌టాగ్?” శనివారము కుదరదక్కా. ఆదివార మైతే ఎట్లుండును?

“గూట్. జొల్లెన్ వీర్ డెన్ బుస్ నేమెన్?” సరే. బస్సులో పోదమా?

“లీబెర్ నిహ్ట్. ఫిలైహ్ట్ క్యొన్టె ఫాటెర్ ఉన్స్ ఫారెన్.” వద్దులే. నాన్న తీసుకువెళ్తే బాగుంటుందేమో.

లోపల పత్రిక చదువుకొనుచున్న తండ్రి తన ప్రసక్తి యేదో వచ్చినదని గ్రహించి, ఏమనుకొంటిరమ్మా యని యడిగెను. పిల్లలు చెప్పిరి. ఆయన క్షణమాలోచించి, ఆదివారము తనకు చేలో పని యున్నదనియు, సోమవారమైనచో ఆటో మాట్లాడెదననియు అనెను. చిన్నపిల్ల చేయి పైకెత్తి, నాన్న బీ-1లో నెగ్గినాడని కేకవేసినది.